నావి, నీవి

గ్రీమ్స్‌పేటలో మూతబడ్డ బెల్లం మండీ పైన
ఎతిరాజులన్న జిమ్ము.
మెట్లెక్కుతుంటే ముందు పాత బెల్లం వాసన,
ఆ పైన రబ్బరు, ఆ పైన మనుషులు.
వానాకాలం చీమలు ఇంకా వస్తాయి
లేని బెల్లాన్ని వెతుక్కుంటూ బెంచీల కిందికి.

గోడ మీద పసుపు పెయింటుతో
'బరువులు తీసిన చోటనే పెట్టవలెను.
ఇట్లు, యాజమాన్యం.'
'పెట్టవలెను' మీద ఎప్పుడూ ఎవరిదో తువ్వాలు ఆరేసి ఉంటుంది.
నాదే.

ఒప్పుకుంటాను.
కోర్టులో టైపిస్టుని.
పొద్దస్తమానం పక్కవాళ్ళ నేరాలు కొట్టీ కొట్టీ
నావి కొట్టుకునే అలవాటు తప్పింది.
పడుకుని రెండు సెట్లు,
లేచి కూర్చుని అదే బెంచీ మీద ఇరవై నిమిషాలు ఫోను.
వెనక ఎవరైనా దగ్గితే
దగ్గుకి మందు చెప్పే రకం.
రెగ్జిన్ మీద నా వీపు ఆకారంలో చెమటను
తర్వాత వచ్చేవాడికి ఆస్తి రాసిచ్చినట్టు
వదిలేసి దర్జాగా దిగిపోయేవాణ్ణి.

ఆ రోజూ అంతే.
బార్‌కి ఆ పక్క రెండు, ఈ పక్క రెండు
పదిహేను కిలోల బిళ్ళల్ని సాక్షులుగా నిలబెట్టి
అద్దంలో కండ చూసుకుంటున్నా.
కండ వెనక, భుజానికి అవతల, నాగవేణి.
కానిస్టేబుల్ సెలక్షన్‌కి తయారవుతున్న పిల్ల.
గుడిపాల నుంచి మొదటి బస్సుకి వస్తుంది,
ఏడున్నర బస్సు పట్టుకోవాల.
నా బిళ్ళ ఒకటి ఊడదీసి
ఏడ్చే బిడ్డను ఎత్తుకున్నట్టు ఎదకు అదుముకుని
ర్యాకు దాకా నడిచింది. వంగింది.
చప్పుడు కాకుండా పెట్టింది.
నాలుగుసార్లు.

ఒక్కసారీ నా వైపు చూడలేదు.
చూసుంటే బాగుండు.
'ఇదేం పద్ధతన్నా' అనుంటే ఇంకా బాగుండు,
వకీళ్ళ దగ్గర నేర్చుకున్న జవాబులు
నా దగ్గర చాలా ఉన్నాయి.

నాలుగోది పెట్టొచ్చి
భుజం మీది తుండుతో నా వీపు తుడిచింది.
బెంచీ మీది వీపు.
చురుక్కుమన్నది మాత్రం ఒంటి మీది వీపు.

సాయంత్రం సిగ్గు లేకుండా నేనే అడిగాను,
'నీ బోర్డు ఎవురూ చదవరేందన్నా?'
ఎతిరాజులన్న మండీలో మూటలు మోసిన మనిషి.
మాటలు తూకమేసి ఇస్తాడు.
'వేలూరు రోడ్డులో సుమైతాంగి చూసినావా సామీ?
నిలువుగా రెండు రాళ్ళు, పైన అడ్డంగా ఒకటి, తలెత్తు.
దించుకునేదానికి తోడు లేనోడు
నెత్తి మీది మూట దాని మీదికి జరుపుకుంటాడు.
కడుపుతో పోయిన ఆడబిడ్డ పేరు మీద నిలబెట్టేవోళ్ళంట.
నిలబెట్టినోళ్ళు మోసేవోణ్ణి చూసిండరు.
మోసేవోడు వాళ్ళను చూసిండడు.'
అంతే. డంబెల్స్ తుడుచుకోడానికి పోయినాడు.
నా ప్రశ్నకి అది జవాబో కాదో
ఇప్పటికీ తేల్చుకోలేదు.

మర్నాడు బిళ్ళలు నేనే తీశాను.
ఎత్తేటప్పుడు లేని కష్టం
మెల్లగా పెట్టేటప్పుడు తెలిసింది, నడుములో.
బెంచీ తుడిచాను. తువ్వాలు తీశాను.
దాని కింద 'పెట్టవలెను'
ఎండ తగలక, దుమ్ము తగలక
నిన్న రాసినంత పచ్చగా ఉంది.

నాగవేణి వచ్చింది. 'ఇంకెన్ని సెట్లున్నాయన్నా?'
'అయిపోయింది, రామ్మా.'
క్షమాపణ గొంతు దాకా వచ్చి
ఫైల్లో కాయితంలా మళ్ళీ లోపలికే పోయింది.
దానికి బదులు, 'బిళ్ళలు నేను తెచ్చేదా?' అన్నాను.
'వద్దులేన్నా. నావి నేను మోసుకుంటా.'
'నావి' అన్న మాటను
కొంచెం నొక్కింది.

ఆఖరి సెట్టుకి మాత్రం వెనక నిలబడమంది.
బార్ కింద నా రెండు చేతుల వేళ్ళు,
వెంట్రుకంత ఎడంగా.
ఏడోసారి ఆమె మోచేతులు వణికాయి.
నా వేళ్ళూ వణికాయి.
తాకలేదు.